ఎనిమిది అతుకులు

మధ్యాహ్నం రెండుంపావు. మేస్టారి పనిగది గుమ్మంలో అడుగు పెట్టకముందే భూతద్దానికి ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి? గంట క్రితమే లాకప్‌లో మేస్టారి కూతుర్ని చూసి వచ్చింది. ఒంటిమీద నిన్నటి బట్టలే. మోచేతుల దాకా తండ్రి నెత్తురు ఎండిపోయి ఉంది. కడుక్కోమని చెంబెడు నీళ్ళిచ్చిన పాపాన పోలేదు ఎవరూ. "నేను వెళ్ళేసరికే నాన్న కింద పడున్నాడు ఆంటీ. ఎంత లేపినా లేవలేదు. నేను కొట్టలేదు" అని రెండు ముక్కలు చెప్పి, ఆపైన గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ పిల్లను నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణించి జైలు. తల పగిలి ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడున్న తండ్రి ప్రాణం పోయిందా, కన్నకూతురే చంపిందన్న కేసు జన్మంతా నెత్తిన ఉంటుంది. చేతిలో ఉన్నది గంటా నలభై అయిదు నిమిషాలు.

భూతద్దం అసలు పేరు ఏమిటో ఇప్పుడెవరికీ గుర్తులేదు. రేడియోల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర పద్ధెనిమిదేళ్ళు కూర్చుని, కంటికి అద్దం తగిలించుకుని, రోజుకి రెండువేల టంకం అతుకులు చూసిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి గుమ్మానికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించింది. ఆ అద్దం అలాగే ఉంది, ముక్కుమీది కోపమూ అలాగే ఉంది.

"రండి రండి భూతద్దం గారూ! మీరొచ్చి ఊఁ అనకపోతే కేసు మూయడానికి మాకు చేతులాడవు కదా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుర్చీలోంచి లేవకుండానే.

"మీకు చేతులాడకపోవడం కొత్తేం కాదుగా. కిందటేడు నగలకొట్టు కేసులోనూ చూశాం."

ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది. ఆ కేసులో అతను పట్టుకున్నవాడు ఒకడు, దొంగ ఇంకొకడు. అసలు దొంగను ఈవిడ పట్టిచ్చింది. అప్పట్నించీ ఇద్దరికీ ఉప్పూ నిప్పే.

గదిలో మూడో మనిషి కూడా ఉన్నాడు. నలభైలోపు వయసు, మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. పోలీసుల తరఫున నివేదిక రాసిన నిపుణుడట. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లెక్చరరు.

భూతద్దం ముందు గదంతా కలియజూసింది. కిటికీ కింద పొడవాటి చెక్కబల్ల. దానిమీద టంకం పెట్టే ఐరన్, తీగ చుట్ట, కత్తెర, దీపం. గోడ పొడవునా అరల్లో ప్లాస్టిక్ సంచులు. ఒక్కో సంచీ ఒక్కో కిట్టు. లోపల అరచేతంత ఖాళీ బోర్డు, గుప్పెడు విడిభాగాలు, ఏ ముక్క ఎక్కడ పెట్టాలో చెప్పే చీటీ. కొన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని ఒక్కోటీ అతికించుకుంటూ పోతే ఆఖరికి చిన్న కంప్యూటరు తయారవుతుంది. ఆ బోర్డును గీసింది మేస్టారే. కంప్యూటరు కొనుక్కునేది కాదు, కట్టుకునేది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

బల్లకీ కుర్చీకీ మధ్య నేలమీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం. పక్కనే ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మరు. దాంతోనే కొట్టారు. వేలిముద్రలు శుభ్రంగా తుడిచేసి ఉన్నాయి.

"ఇదిగో, ఇదొక్కటి చూసుకుని వెళ్ళండి" అంటూ ఇన్‌స్పెక్టరు బల్లమీది చీటీ వైపు వేలు చూపించాడు. "మేస్టారికో అలవాటుంది. ముక్క అతికించగానే చీటీలో ఆ నంబరు పక్కన టిక్కు పెట్టి టైము వేస్తాడు. పద్నాలుగో నంబరు పదీ ఇరవై అయిదుకి. పదిహేను పదీ ముప్ఫై అయిదుకి. అలా వరసగా ఇరవై రెండో నంబరు పదకొండూ నలభైకి. అంటే పదకొండూ నలభైకి మనిషి నిక్షేపంగా ఉన్నాడు. కూతురు పదకొండున్నరకి లోపలికెళ్ళింది. ఎదురింటి టైలరు కళ్ళారా చూశాడు. పావు తక్కువ పన్నెండుకి నెత్తురు చేతుల్తో బయటికొచ్చి కేకలేసింది. మధ్యలో చీమ కూడా లోపలికి పోలేదు. ఇంకా ఏం కావాలి మీకు?"

"కారణం?"

"మూడు నెలలుగా తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. ముసలాయన చెయ్యి వణుకుతోంది, ఈ పొగలో కూర్చోవడం మానెయ్యమని ఆ పిల్ల గొడవ. నువ్వెవరే చెప్పడానికి అని ఆయన గొడవ. నిన్న కోపం హద్దు దాటింది."

"తండ్రి ఆరోగ్యం పాడవుతుందని దెబ్బలాడిన పిల్ల ట్రాన్స్‌ఫార్మరుతో ఆయన తల పగలగొట్టిందా? వింటున్నారా మీరు మాట్లాడేది?"

"కోపంలో..."

"కోపం సంగతి నాకు చెప్పకండి. అందులో నాకున్న సర్వీసు మీ ఉద్యోగం కంటే ఎక్కువ."

లెక్చరరు నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. భూతద్దం అతని వైపు తిరిగింది.

"నివేదిక మీరే రాశారా బాబూ?"

"అవునండీ. చీటీలో ఉన్న ఇరవై రెండు భాగాలూ బోర్డుమీద ఉన్నాయి. ఒక్కొక్కటీ పరీక్షించాను. చీటీకీ బోర్డుకీ తేడా లేదు."

"అన్నీ సరిగ్గానే ఉన్నాయా? తప్పు పెట్టిందేమీ లేదా?"

"ఒక్కటీ లేదు. ఇరవై రెండూ ఎక్కడుండాల్సినవి అక్కడే, ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. సంతకం కూడా పెట్టాను."

"ఈ కిట్టు ఇదివరకెప్పుడైనా కట్టారా?"

"నేనా?" లెక్చరరు గదిని ఎగాదిగా చూశాడు. "ఇలాంటి ఆటవస్తువులకి నాకు తీరికెక్కడిదండీ! నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు కాలేజీకి ఫోన్ చేసి రమ్మంటే వచ్చాను. అదే మొదటిసారి చూడ్డం."

"నిన్న పొద్దున ఎక్కడున్నారు?"

"ఇదేం ప్రశ్న?" అని ఇన్‌స్పెక్టరు గయ్యిమన్నాడు.

లెక్చరరు మాత్రం తొణకలేదు. "ఫరవాలేదు సార్. పదకొండూ పది నుంచి పన్నెండున్నర దాకా క్లాసులో ఉన్నాను. నలభైమంది పిల్లలున్నారు, అడిగి చూసుకోవచ్చు."

అప్పుడే ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. విన్నాడు, ఊఁ కొట్టాడు, పెట్టేశాడు. "ఆస్పత్రి నుంచి. మేస్టారు వేళ్ళు కదుపుతున్నాడట. సాయంత్రానికి మాట పలకొచ్చంటున్నారు. మంచిదే, నా కూతురే కొట్టిందని ఆయనే చెబుతాడు."

లెక్చరరు గడియారం చూసుకున్నాడు. క్లాసుందన్నాడు. ఇన్‌స్పెక్టరును గుమ్మం బయటికి తీసుకెళ్ళి ఏదో రెండు నిమిషాలు మాట్లాడి, వెళ్ళిపోయాడు.

భూతద్దానికి వాళ్ళ గుసగుసలతో పనిలేదు. అప్పటికే దీపం దగ్గరికి లాక్కుని, అద్దం కంటికి పెట్టుకుని, బోర్డును బోర్లా తిప్పింది. పైన ఎంత అందంగా ఉన్నా, పని తెలిసినవాళ్ళు చూసేది అడుగుభాగమే. పెట్టిన చెయ్యి ఎవరిదో అతుకు చెబుతుంది.

మొదటి నంబరు అతుకు ముద్దగా ఉంది. రెండోదీ అంతే. టంకం పొంగి, గడ్డకట్టి, పక్క గుంట అంచు దాకా జారింది. వణికే చేత్తో, పళ్ళు బిగించి, ఒక్కోటీ మూడేసిసార్లు సరిచేసుకుంటూ పెట్టిన అతుకులు. పద్నాలుగు దాకా అంతే. ఆ ముసలాయన పంతం తలుచుకుంటే ఆవిడకి ముచ్చటా వేసింది, జాలీ వేసింది.

పదిహేను దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పదిహేను నుంచి ఇరవై రెండు దాకా ఎనిమిది భాగాలు. ఒక్కో అతుకూ నున్నగా, మెరుస్తూ, సన్నని మొనతేలి ఉంది. ఫ్యాక్టరీలో అయితే కళ్ళు మూసుకుని ముద్ర వేసేది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇలా రండి. కూర్చున్నచోటు నుంచే కేసులు తేల్చేస్తే ఎలా? వచ్చి చూడండి."

అతను విసుక్కుంటూ వచ్చి అద్దంలోంచి చూశాడు. "ఏముంది? చుక్కలు."

"చుక్కలే. ఈ పద్నాలుగూ వణికే చెయ్యి పెట్టినవి. ఈ ఎనిమిదీ వణకని చెయ్యి పెట్టినవి. పదీ ఇరవై అయిదు దాకా ఇక్కడ కూర్చున్నది మేస్టారు. ఆ తర్వాత ఐరన్ పట్టుకున్నది ఇంకో మనిషి. అప్పటికి మేస్టారు ఇదిగో, ఈ సుద్దగీతల్లో ఉన్నాడు."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ అద్దంలోంచి చూశాడు. అంతలోనే తేరుకున్నాడు. "అయితే కూతురే పెట్టుండొచ్చు. తండ్రి విద్య కూతురికి రాకుండా ఉంటుందా?"

"పెట్టి, తనను తనే ఇరికించుకునే టైము వేసిందా? తను లోపల ఉండగా తండ్రి నిక్షేపంగా ఉన్నాడని ఋజువు చేసుకోవడానికా? ఎవరైనా నవ్వుతారు! ఆ పిల్ల చేతిసంచీ మీ దగ్గరుందిగా. అందులో ఏముందో చూశారా అసలు?"

"సాక్ష్యం కింద సీలు వేశాం."

"సీలు తియ్యండి. ఇప్పుడే, నా ముందే."

"నేను మీ నౌకర్ని కాదు!"

"కాదు. జనం జీతమిస్తున్న మనిషి. ఇరవైమూడేళ్ళ పిల్లని నాలుగింటికి జైల్లోకి తోసి, ఆరింటికి అయ్యో పొరపాటైంది అని నాలుక్కరుచుకునే మనిషి. తీస్తారా, తిన్నగా మేజిస్ట్రేటు దగ్గరికెళ్ళి ఈ బోర్డు ఆయన బల్లమీద పెట్టమంటారా?"

పళ్ళు నూరుకుంటూనే ఇన్‌స్పెక్టరు సీలు తీశాడు. సంచీలో దువ్వెన, తాళాలు, రుమాలు. రుమాల్లో జాగ్రత్తగా చుట్టిన బోర్డు ఒకటి. తండ్రి కిట్టే. పూర్తిగా కట్టేసింది. పక్కన చీటీ మడతపెట్టి ఉంది. ముప్ఫై ఒక్క నంబర్లకీ టిక్కులు, టైములు. తండ్రికి లాగే. చీటీ అడుగున చిన్న అక్షరాలు: 'నాన్నా, వెలిగింది.'

భూతద్దం ఒక్క క్షణం అద్దం దించేసింది. మూడు నెలలు మాట్లాడకుండా కూర్చున్న పిల్ల, తండ్రి చేసే పని తనూ నేర్చుకుని, చూపించి రాజీపడదామని వచ్చింది. వచ్చేసరికి ఆయన నెత్తుటి మడుగులో ఉన్నాడు. ఈ పెద్దమనిషేమో దీన్ని రుమాల్లోంచి విప్పి చూడకుండానే కొట్టింది ఆ పిల్లేనని రాసేశాడు. కోపంతో ఆవిడ చెవులు జుయ్యిమన్నాయి.

"ఇదీ మీ సాక్ష్యం! చదవండి. పైకి చదవండి."

ఇన్‌స్పెక్టరు చదివాడు. పైకి చదవలేదు.

పిల్ల బోర్డు అడుగున అతుకులన్నీ గుడ్డిగుడ్డిగా, వంకరటింకరగా ఉన్నాయి. మొదటిసారి ఐరన్ పట్టినవాళ్ళ పని. అక్కడక్కడా కాల్చేసింది కూడా. ఆ నున్నటి ఎనిమిదీ ఈ చెయ్యి పెట్టడం కల్ల.

రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి పైనుంచి ఒక్కో నంబరూ పోల్చడం మొదలెట్టింది. పదిహేను, పదహారు, పదిహేడు, పద్ధెనిమిది. పందొమ్మిది దగ్గర కళ్ళు చిట్లించింది.

పందొమ్మిదో నంబరు డయోడు. కరెంటును ఒకవైపే పోనిచ్చే బియ్యపుగింజంత నల్లముక్క, ఒక చివర తెల్లగీత. ఆ గీత ఎటువైపు ఉండాలో బోర్డుమీద కూడా తెల్లరంగుతో అచ్చు వేసి ఉంటుంది. తిప్పి పెడితే బోర్డు వెలగదు. పిల్ల అచ్చు ప్రకారం పెట్టింది. బల్లమీది బోర్డులో అది తిరగబడి ఉంది.

"ఇంత నైపుణ్యం ఉన్నవాడు, అచ్చు కళ్ళెదురుగా పెట్టుకుని, డయోడు తిప్పి పెట్టాడా?" అని గొణుక్కుంది. ఆ వెంటనే ఇంకో మాట తట్టింది. తప్పొక్కటీ లేదని సంతకం పెట్టిన నిపుణుడికి ఇది కనబడలేదా? ఒక్కొక్కటీ పరీక్షించానన్నాడే!

ఆవిడ బల్ల సొరుగులు లాగడం మొదలెట్టింది. ఇన్‌స్పెక్టరు ఈసారి అడ్డు చెప్పలేదు. మూడో సొరుగులో మేస్టారి నోటుపుస్తకం దొరికింది. నాలుగో పేజీలో వణకని కాలపు చేతిరాత: 'మొదటి విడత అయిదు బోర్డులు. పందొమ్మిది అచ్చు తప్పు పడింది. గుర్తుకి తిరగేసి పెట్టాలి. రెండో విడతకి అచ్చు సరిచేశాను.'

భూతద్దం అది పైకి చదివి, పుస్తకం బల్లమీద విసిరికొట్టింది.

"విన్నారా! మొదటి విడత బోర్డు కట్టినవాడికి పందొమ్మిది అనగానే చెయ్యి దానంతటదే ఎదురు తిరుగుతుంది. కంగారులో ఉన్నాడు, పక్కన మనిషి రక్తమోడుతున్నాడు, అచ్చు చూసే తీరిక లేదు. పాత అలవాటు ప్రకారం పెట్టేశాడు. చూసినప్పుడు కూడా అదే సరైందని కంటికి కనబడింది. మొదటిసారి చూసేవాడైతే అచ్చు చూసుకుని, ఇదేంటి తిరగబడింది అనేవాడు. తప్పు లేదని సంతకం పెట్టేది ఎవరు? చెప్పండి! మీ నోటితో చెప్పండి!"

"ఆగండాగండి. మేస్టారు కూడా మొదటి విడత కట్టినవాడే కదా?"

"అదిగో అరనిండా ఆయన కట్టిన రెండో విడత నమూనాలున్నాయి. ఒక్కదానిలో తిరగబడిందేమో చూసుకోండి."

ఇన్‌స్పెక్టరు ఆరు బోర్డులు తీసి చూశాడు. ఆరింటిలోనూ గీత అచ్చు మీదే ఉంది. ఏడోది తియ్యలేదు. "క్లాసు పదకొండూ పదికి" అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "కాలేజీ ఇక్కడికి పదే నిమిషాలు."

"పదిన్నరకి కొట్టాడు. చెయ్యి తిరిగినవాడు కాబట్టి ఎనిమిదీ ఇరవై నిమిషాల్లో అతికించి, పదకొండూ నలభై దాకా దొంగ టైములు వేసి, టైలరు కంటపడకుండా వెనకసందులోంచి పోయాడు. తను క్లాసులో ఉన్నప్పుడు మేస్టారు బతికే ఉన్నాడనిపించడానికి. ఆ పిల్ల వస్తుందని వాడికి తెలియదు. వచ్చి ఇరుక్కుంది. మీరేమో వాణ్ణే పిలిచి కుర్చీవేసి నివేదిక రాయించుకున్నారు!"

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మేస్టారి భార్య. నిన్నట్నించీ నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయిగానీ మొహంలో కాస్త వెలుగుంది.

"అక్కా! ఆయన కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారక్కా. నాలుక ఇంకా తిరగడం లేదుగానీ చెయ్యి పట్టుకున్నారు." ఇన్‌స్పెక్టరును చూడగానే ఆవిడ గొంతు మారిపోయింది. "నా కూతుర్నెప్పుడు వదుల్తారు? మొగుణ్ణి ఆస్పత్రిలో, బిడ్డని లాకప్‌లో పెట్టుకుని నేనెటు చావాలి?"

"వదుల్తారు. ఒక్కమాట చెప్పు" అంది భూతద్దం. "మొదటి విడతలో మేస్టారు అయిదు బోర్డులు చేయించారుగా. అవెక్కడున్నాయి?"

"అచ్చు తప్పుపడినవా? నాలుగు అటక మీదున్నాయి. అయిదోది ఒక్కటీ ఆయన శిష్యుడికిచ్చారు. మా ఇంట్లోనే తిని, ఈ బల్లమీదే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు కాలేజీలో లెక్చరరు." ఆవిడ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "మొన్న పేపర్లో ఆ బోర్డు ఫోటో వాడి పేరుతో పడింది. వాడే కనిపెట్టాడట, స్కూళ్ళన్నిటికీ ఇస్తారట. ఆయనకి ఎంత కోపమొచ్చిందో! ఫోన్ చేసి కేకలేశారు. వచ్చి మాట్లాడతానన్నాడట."

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరడిగితేగా! వచ్చింది మొదలు కూతురెలాంటిది, కూతురెలాంటిది అని తప్ప ఇంకో మాట అడిగారా? అయినా వాడలాంటివాడు కాదు. పేపరువాళ్ళే పొరపాటున వేశారట, ఇందాకే ఏడ్చినంత పనిచేసి చెప్పాడు."

భూతద్దం చటుక్కున ఆవిడ వైపు తిరిగింది. "ఇందాకే అంటే? ఎక్కడ?"

"ఆస్పత్రి మెట్ల దగ్గర. అమ్మాయిని నాలుగింటికి తీసుకెళ్తున్నారట కదా పిన్నిగారూ, మీరు తన దగ్గరికెళ్ళండి, మేస్టారి దగ్గర నేను కూర్చుంటా అన్నాడు. ఆయన్ని వాడికప్పగించి, పిల్లకి బట్టలు తీసుకెళ్దామని ఇటొచ్చా."

ఇన్‌స్పెక్టరు మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"కాపలా ఉన్నాడుగా" అంది భూతద్దం. "మీ కానిస్టేబులు ఎవర్నీ లోపలికి పోనివ్వడు కదా? చెప్పరేం?"

"చీటీ... చీటీ రాసిచ్చాను" అన్నాడు. "ఇందాక బయటికి పిలిచి అడిగాడు. స్పృహ రాగానే ఆ టైములు ఆయన రాసినవేనని ఒప్పించుకొస్తానన్నాడు. ఒంటరిగా మాట్లాడనివ్వమని నేనే..."

"మీ చేత్తోనే? మీ సంతకంతోనే?"

అతను అప్పటికే నంబరు నొక్కుతున్నాడు. మూడోసారి మోగాక కానిస్టేబులు ఎత్తాడు. వెనక గ్లాసుల చప్పుడు.

"సార్! లెక్చరరు గారొచ్చార్సార్. మీ చీటీ చూపించారు. ఇరవై నిమిషాలైంది. టీ తాగి రావయ్యా, నేనుంటాగా అన్నారు. కింద క్యాంటీన్లో ఉన్నా."

భూతద్దం ఫోను లాక్కుంది. "టీ అక్కడ పారేసి పైకి పరిగెత్తవయ్యా! ఆ గదిలోకెళ్ళి వాణ్ణి పట్టుకో! పరిగెత్తు!"

ఫోనులో బూట్ల చప్పుడు మెట్లెక్కింది. రొప్పు వినబడింది. మేస్టారి భార్యకి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా ఆవిడ గోడ పట్టుకుని నిలబడి, భూతద్దం నోటివైపే చూస్తోంది. బూట్ల చప్పుడు ఆగింది. తలుపుమీద బాదుడు. ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ.

"అమ్మా" అన్నాడు కానిస్టేబులు. "తలుపుకి లోపల్నించి గడియ వేసుందమ్మా. పిలిస్తే ఎవరూ పలకడం లేదు."